గోధుమ పడని పేగు

జొన్న పిండికి సాగే గుణం లేదు. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లలో జొన్న రొట్టె చేసేవాళ్లు అప్పడాల కర్ర ముట్టరు. కాగిన నీళ్లు పోసి పిండి కలుపుతారు. ముద్ద వేడి తగ్గకముందే గట్టిగా మర్దిస్తారు. పీట మీద పొడి పిండి చల్లి, అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పుకొస్తారు. చెయ్యి కాస్త తడబడితే అంచు పగులుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లయితే రొట్టెను పెంక మీదికి చేర్చేలోపే రెండు ముక్కలు చేస్తుంది. వేడి నీళ్లకు జొన్నలోని పిండి పదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది. రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురొక్కటే. గోధుమ పిండికి ఈ తిప్పలు లేవు. చన్నీళ్లతో కలిపినా సాగుతుంది, ఎంత పల్చగా ఒత్తినా చినగదు.

ఆ తేడా ఎక్కడుందో ఇంట్లోనే చూడొచ్చు. గోధుమ పిండి ముద్దను అరగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్లలో పిసుకుతూ కడగండి. నీళ్లు తెల్లబడతాయి. నీళ్లు మార్చి మార్చి కడిగితే పిండి పదార్థమంతా పోయి, చేతిలో బూడిద రంగు ముద్ద ఒకటి మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యా నగరంలో బెకారి అనే శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో సరిగ్గా ఈ పనే చేసి గోధుమలోని ఈ మాంసకృత్తును లోకానికి చూపించాడు. జొన్న పిండిని అలా కడిగితే చేతిలో ఏమీ మిగలదు.

చపాతీని మెత్తగా, బ్రెడ్డును గుల్లగా, పరోటాను పొరలు పొరలుగా చేసేది గ్లూటెనే. కొందరి చిన్నపేగును దెబ్బతీసేదీ అదే. ఆ జబ్బు పేరు సీలియాక్. ఉత్తర భారతంలో డాక్టర్లకు అది బాగా తెలిసిన జబ్బు. మన వైపు అరుదు. ఎందుకు అరుదో తెలుసుకుంటే ఈ మూడు జిల్లాల తిండి గురించి ఒక మంచి మాటా, ఒక హెచ్చరికా రెండూ దొరుకుతాయి.

పేగులో ఏం జరుగుతుంది

గ్లూటెన్‌లో గ్లయడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల మాంసకృత్తులుంటాయి. బార్లీలో హార్డిన్, రై ధాన్యంలో సెకాలిన్ వీటికి దగ్గరి చుట్టాలు. మనం తిన్న ఏ మాంసకృత్తునైనా జీర్ణరసాలు చిన్న చిన్న తునకలుగా కోసి, చివరికి అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. గ్లయడిన్ మాత్రం పూర్తిగా తెగదు. అందులో ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు ఒత్తుగా పేర్చి ఉంటాయి. మన ఎంజైములకు ఆ వరుసలను కోసే శక్తి లేదు. జీర్ణాశయం, పేగు రసాలన్నిటినీ తట్టుకుని చెక్కుచెదరకుండా మిగిలే 33 అమైనో ఆమ్లాల తునక ఒకదాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు.

ఇలాంటి తునకలు అందరి పేగుల్లోనూ మిగులుతాయి. చాలామందికి వాటివల్ల ఏ నష్టమూ లేదు. కానీ కొందరి తెల్ల రక్తకణాల మీద హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 అనే మాంసకృత్తులుంటాయి. ఇవి పుట్టుకతో వచ్చేవి, తల్లిదండ్రుల నుంచి సంక్రమించేవి. పేగు గోడలో ఉండే టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము గ్లయడిన్ తునకలో చిన్న రసాయన మార్పు చేస్తుంది. మారిన తునక డీక్యూ2, డీక్యూ8 లకు గట్టిగా అతుక్కుంటుంది. అవి దాన్ని పట్టుకుని రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. శత్రువు వచ్చిందనుకుని ఆ కణాలు దాడికి దిగుతాయి. తునక మీద జరగాల్సిన దాడి పేగు గోడ మీదికి మళ్లుతుంది. శరీరం తన సొంత ఎంజైము మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. కాబట్టి సీలియాక్ అలర్జీ కాదు, అజీర్తి కాదు. శరీరం తనను తాను గాయపరుచుకునే జబ్బుల్లో ఇదొకటి.

గాయమయ్యేది ఎక్కడంటే ఆంత్రచూషకాల దగ్గర. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. టర్కీ తువ్వాలు మీద నూలు పోగులు లేచి ఉన్నట్టు, మిల్లీమీటరుకు మించని ఎత్తులో లక్షలాది చూషకాలు లేచి ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేది అవే. దాడి ఏళ్ల తరబడి సాగితే అవి అరిగి చదునైపోతాయి. అప్పుడు కంచం నిండా తిన్నా ఒంటికి పట్టదు. ముందుగా తగ్గేది ఇనుము. దాని వెనకే ఫోలేటు, కాల్షియం, విటమిన్ డి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము ఉండేదీ ఈ చూషకాల కొసలోనే కాబట్టి పాలు కూడా పడకుండా పోతాయి.

రొట్టె దొరకని చలికాలం

ఈ జబ్బును 1887లో లండన్ పిల్లల ఆస్పత్రిలో శామ్యూల్ గీ అనే డాక్టరు వివరంగా వర్ణించాడు. నయం కావాలంటే తిండి మార్చాలని కూడా చెప్పాడు. ఏ తిండి మార్చాలో మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ ఈ పిల్లలకు అరటిపండ్లు ప్రధానంగా పెట్టి కోలుకునేలా చేశాడు. గుణం అరటిపండులో ఉందనుకున్నారు. నిజానికి కంచంలోంచి గోధుమ పోవడమే పని చేసింది.

అసలు దోషిని పట్టుకున్నది హాలండ్ పిల్లల డాక్టరు విలెమ్ కారెల్ డికె. గోధుమ మీద ఆయనకు 1930ల నుంచే అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలండ్ ఆకలితో అల్లాడింది. రొట్టె కరువైంది. దేశమంతా నీరసించిపోతుంటే, సీలియాక్ పిల్లల ఆరోగ్యం మాత్రం చెడకపోగా మెరుగుపడటం డికె గమనించాడు. యుద్ధం అయిపోయి రొట్టె తిరిగి రాగానే వాళ్లకు జబ్బు తిరగబెట్టింది. తర్వాత పిల్లలకు ఒక్కో ధాన్యం పెట్టి, ఆపి, మళ్లీ పెట్టి కొలతలు తీసి, గోధుమ, రై ఈ పిల్లలకు చేటని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రుజువు చేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ జబ్బుకు ఖాయమైన చికిత్స ఒక్కటే. గ్లూటెన్ ఉన్న తిండిని జీవితాంతం మానేయడం. ట్రాన్స్‌గ్లుటామినేజ్‌ను అడ్డుకునే మందు ఒకటి 2021లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో ఆశ కలిగించింది గానీ, అది ఇంకా మందుల దుకాణానికి చేరలేదు.

జన్యువులు ఒకటే, కంచాలు వేరు

ఇక మన దేశం సంగతి. హర్యానా, అస్సాం, తమిళనాడులోని వేలూరు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో కనిపించాయి. దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే. అంటే వెయ్యికి ఒకరు. పేగు ముక్క పరీక్షతో జబ్బు ఖరారైనవాళ్లు దక్షిణాదిలో ఇంకా తక్కువ, పదివేలకు ఒకరు.

మన రక్తంలో ఏదో రక్ష ఉందనిపించడం సహజం. అదే అధ్యయనం ఆ భ్రమను కూడా తొలగించింది. జబ్బుకు దారితీసే డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో ఉంటే, దక్షిణాదిలో 36.4 శాతం మందిలో ఉన్నాయి. తేడా లేనట్టే. తేడా ఉన్నది కంచంలో. రోజుకు సగటున గోధుమ వాడకం ఉత్తరాదిలో 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. అయితే రోజుకు 37 గ్రాములే తినే ఈశాన్యంలో జబ్బు అంత తక్కువేమీ కాదు. కాబట్టి గోధుమ ఒక్కటే లెక్క తేల్చదు, ఇంకా తెలియని కారణాలున్నాయి. కానీ గ్లూటెన్ తగలకుండా ఈ జబ్బు రాదన్నది మాత్రం ఖాయం.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోనూ, ఇవతల వనపర్తి, నాగర్‌కర్నూల్ మెట్ట ఊళ్లలోనూ తరతరాలుగా కడుపు నింపినవి జొన్న రొట్టె, జొన్న గట్క, సజ్జ రొట్టె, రాగి అంబలి, కొర్ర బువ్వ. వీటిలో దేంట్లోనూ గ్లూటెన్ లేదు. కాలువలు, ఎత్తిపోతలు వచ్చాక పెరిగిన వరిలోనూ లేదు. ఇటలీలోని నేపుల్స్ శాస్త్రవేత్తలు సీలియాక్ రోగులకు జొన్న పిండి వంటలు తినిపించి చూసి, ఏ హానీ లేదని 2007లో ప్రకటించారు. గోధుమ తిని పెరిగిన దేశానికి అది వార్త. ఇక్కడ అది రాత్రి భోజనం.

అయితే ఆ భోజనం మారిపోతోంది. షుగర్ అని తేలగానే రాత్రిపూట అన్నం మాని రెండు చపాతీలు తినడం ఇంటింటా ఆచారమైంది. పొద్దున గోధుమ రవ్వ ఉప్మా, సాయంత్రం బస్టాండు ఎదుట బేకరీలో పఫ్పు, బడి సంచిలో బిస్కెట్టు పొట్లం, ఆదివారం పరోటా. బొంబాయి, పుణె వలస పోయిన ఈ పాలమూరు ప్రాంతపు కూలీల తిండిలో ఏడాదిలో సగం రోజులు చపాతీ, పావ్ ఉంటాయి. పసిపిల్లల తిండిలోకీ గోధుమ వచ్చింది. అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకిచ్చే బాలామృతం పొడిలో సగానికి పైగా గోధుమే. మామూలు బిడ్డకు అది బలమైన తిండి, ఎవరూ మానిపించాల్సిన పనిలేదు. గోధుమ పెట్టడం ఆలస్యం చేసినంత మాత్రాన జబ్బును తప్పించలేమని 2014లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి కూడా. కాకపోతే, జన్యువులు ఉండీ జబ్బు రాకపోవడానికి ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచిన తిండి ఇప్పుడు పల్చబడుతోందన్న సంగతి డాక్టర్ల బుర్రలో ఉండాలి.

మూడు జిల్లాల జనాభా 20 లక్షల పైచిలుకు. వేలూరు లెక్కనే ఇక్కడ వేసి చూస్తే, రెండు వందల నుంచి రెండు వేల మధ్య ఎంతమందికైనా ఈ జబ్బు ఉండొచ్చు. ఇది సర్వే కాదు, వేళ్ల మీద వేసిన అంచనా. అయినా ఆ సంఖ్యలో ఉన్నవాళ్లకు తమకున్నది ఏ జబ్బో తెలిసే అవకాశం ఉత్తరాదివాళ్ల కంటే ఇక్కడే తక్కువ. అరుదైన జబ్బుకున్న ఇబ్బంది అదే. ఎవరికీ అనుమానం రాదు.

రక్తహీనత చాటున

పాఠ్యపుస్తకంలో సీలియాక్ బిడ్డ ఒక్క చూపుకే తెలుస్తుంది. ఆగని విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్లు చేతులు. నిజ జీవితంలో చాలామంది అలా ఉండరు. విరేచనాలే లేకుండా, మలబద్ధకంతో వచ్చేవాళ్లూ ఉంటారు.

ఉదాహరణకు అచ్చంపేట దగ్గర ఒక పల్లెలో పన్నెండేళ్ల పిల్ల ఉందనుకుందాం. ఈడు పిల్లల కంటే జానెడు పొట్టి. మొహం పాలిపోయి ఉంటుంది. నోట్లో తరచు పుండ్లు. బడిలో ఇచ్చిన ఇనుము మాత్రలు మింగుతుంది, నులిపురుగుల మందు వేసుకుంటుంది. అయినా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటదు. “మా పిల్లకు తిండి ఒంటికి పట్టదు సారూ” అంటుంది తల్లి. ఆ మాటను డాక్టరు మామూలు ఫిర్యాదుగా వింటాడు. ఈ పిల్ల విషయంలో అది అక్షరాలా జరుగుతున్నది.

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంతమందిలో అత్యధికులకు కారణం తిండిలో ఇనుము చాలకపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, కడుపులో పురుగులు. సీలియాక్ ఉన్నవాళ్లు ఆ గుంపులో కలిసిపోయి కనబడకుండా పోతారు. వాళ్లను విడిగా గుర్తించడానికి పనికొచ్చే గుర్తు ఒకటుంది. మాత్రలు సరిగ్గా వేసుకున్నా రక్తం పెరగకపోవడం.

ఇంకొన్ని గుర్తులూ ఉన్నాయి. ఎదుగుదల ఆగడం, ఆడపిల్లల్లో రజస్వల ఆలస్యం కావడం, చిన్న వయసులో ఎముకలు గుల్లబారడం, కారణం తెలియకుండా గర్భం నిలవకపోవడం, లివర్ పరీక్షల్లో ఎంజైములు పెరగడం, మోచేతుల మీద, మోకాళ్ల మీద విపరీతంగా దురద పెట్టే నీటి పొక్కులు. టైప్ 1 షుగర్, థైరాయిడ్ జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు సీలియాక్ వచ్చే అవకాశం మామూలు వాళ్ల కంటే ఎక్కువ. చిత్రమేమిటంటే, టైప్ 1 షుగర్ ఉన్న పిల్లాడికి ఇంట్లో అన్నం తగ్గించి, మంచిదని చపాతీ పెంచుతారు.

దక్షిణాదిలో ఇంకో చిక్కు ఉంది. చూషకాలు అరిగితే అది సీలియాకే కానక్కరలేదు. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బులోనూ పేగు అలాగే కనిపిస్తుంది. ఒకప్పుడు వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో అది అంటువ్యాధిలా వ్యాపించింది. దానికి యాంటీబయాటిక్, ఫోలేటు చాలు, గోధుమ మానక్కరలేదు. పేగు క్షయ, జియార్డియా అనే పరాన్నజీవి కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. అందుకే లక్షణాలను బట్టి గానీ, పేగు ముక్క ఒక్కదాన్నే చూసి గానీ సీలియాక్ అని తేల్చకూడదు.

పరీక్షకు ముందు గోధుమ మానొద్దు

మొదటి పరీక్ష సూదితో తీసే కొంచెం రక్తం. అందులో టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ ఐజీఏ యాంటీబాడీలు చూస్తారు. మొత్తం ఐజీఏ కూడా చూడాలి. కొందరిలో పుట్టుకతోనే ఐజీఏ తయారు కాదు, వాళ్లకు జబ్బున్నా పరీక్ష లేదనే చెబుతుంది. యాంటీబాడీలు కనిపిస్తే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. జన్యు పరీక్షతో జబ్బు ఉందని తేలదు, లేదని మాత్రం తేలుతుంది. మూడింట ఒక వంతు జనానికి ఆ జన్యువులు ఉండగా, వాళ్లలో నూటికి ముగ్గురు నలుగురికి మించి జబ్బు రాదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫోన్లో ఏదో వీడియో చూసి గోధుమ మానేసి, రెండు మూడు నెలలయ్యాక పరీక్షకు వెళ్తారు. ఈలోపు యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, పరీక్ష తప్పు చెబుతుంది. నిజం తేలాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తిని బాధపడి రావాలి. అనుమానం వస్తే గోధుమ తింటూనే పరీక్ష చేయించుకోవాలి.

మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. ఎండోస్కోపీకి గద్వాలవాళ్లు కర్నూలుకో రాయచూరుకో, మిగిలినవాళ్లు మహబూబ్‌నగర్‌కో హైదరాబాదుకో పోవాల్సి రావొచ్చు. కానీ అనుమానించడానికి ఎండోస్కోపీ అక్కరలేదు, చేతిలో ఉన్న పాత రక్త పరీక్ష కాగితాలు వరుసగా పేర్చి చూస్తే చాలు.

పడకపోవడాలన్నీ ఒకటి కావు

గోధుమ తింటే కడుపు ఉబ్బుతుంది అనే ప్రతి ఒక్కరికీ సీలియాక్ ఉండదు. గోధుమ అలర్జీ వేరు. తిన్న నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ. అది ప్రాణం మీదికి తేగలదు, దాని పరీక్ష వేరు. ఇంకో రకం వాళ్లకు యాంటీబాడీలు ఉండవు, పేగు బాగానే ఉంటుంది. గోధుమ తింటే మాత్రం ఉబ్బరం, నొప్పి, అలసట. దీన్ని సీలియాక్ కాని గ్లూటెన్ అసహనం అంటున్నారు.

ఈ మూడో రకంలో దోషం గ్లూటెన్‌దేనా అన్నది వివాదం. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఇలాంటివాళ్లకు ముందు పులిసి గ్యాసు పుట్టించే పిండి పదార్థాలన్నీ తగ్గించారు. తర్వాత వాళ్లకు తెలియకుండా గ్లూటెన్ ఇచ్చి చూశారు. గ్లూటెన్‌తో ప్రత్యేకమైన తేడా కనబడలేదు. గోధుమలో ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసులుంటాయి. కొందరి కడుపు ఉబ్బడానికి అవే కారణమని 2018లో నార్వే పరిశోధన సూచించింది. ఉల్లి, వెల్లుల్లిలో కూడా ఫ్రక్టాన్లు దండిగా ఉంటాయి. చపాతీ తిన్నప్పుడే కాదు, పచ్చి ఉల్లిపాయ నంజుకున్నప్పుడూ కడుపు ఉబ్బేవాళ్లు ఈ కోణంలో ఆలోచించుకోవాలి.

తేడా తెలుసుకోవడం ఎందుకంటే, రెండో మూడో రకాల్లో ఒక ముక్క చపాతీ తింటే ఎంత ప్రమాదమో మనిషిని బట్టి ఉంటుంది. సీలియాక్‌లో అలా కాదు. బాధ తెలియకపోయినా లోపల గాయమవుతూనే ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లకు గ్లూటెన్ మానడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేది లేదు. గ్లూటెన్ లేని బిస్కెట్టు కూడా బిస్కెట్టే, చక్కెర, నూనె ఎక్కడికీ పోవు.

గిర్ని దగ్గర అసలు చిక్కు

సీలియాక్ అని తేలినవాళ్లకు పంజాబులో కంటే పాలమూరులో బతుకు సుళువు. అన్నం, పప్పు, జొన్న రొట్టె, పల్లి చట్నీ, ఆకుకూర, పెరుగు, గుడ్డు, మాంసం అన్నీ తినొచ్చు. దోసె, ఇడ్లీ తినొచ్చు, ఇడ్లీ రవ్వ బియ్యానిదైతే. ఉగ్గానిలో ఉండేవి బొరుగులే. సకినాలు, సర్వపిండి, అరిసెలు బియ్యప్పిండివే. తెల్లవారి లేచి వెతుక్కోవాల్సిన విదేశీ సరుకు ఏదీ లేదు.

చిక్కంతా కల్తీ దగ్గర ఉంది. కావాలని చేసే కల్తీ కాదు, తెలియక కలిసే పిండి. లెక్క చూడండి. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి పడితే, అందులో గ్లూటెన్ రెండున్నర గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా పేగు దెబ్బతింటుందని ఇటలీ పరిశోధకులు 2007లో చూపించారు. 50 మిల్లీగ్రాములంటే ఆ చపాతీలో యాభయ్యో వంతు. పిండి లెక్కన చిటికెడు.

ఊరి గిర్నిలో ఒకే రాళ్ల మధ్య గోధుమలు, జొన్నలు, శనగపప్పు అన్నీ పడతారు. ముందు పట్టిన పిండి రాళ్ల సందుల్లో, గుడ్డ గొట్టంలో మిగిలి తర్వాతి వాళ్ల డబ్బాలో పడుతుంది. చిటికెడు కాదు, దోసెడు పడుతుంది.

“అన్నా, ఇప్పుడు ఏం పట్టినవ్?”

“గోధుమలే అక్కా, ఇప్పుడే అయిపోయినయ్. దా, నీయి పోస్త.”

అలాంటప్పుడు జొన్నల సంచి కిందికి దించకుండా వెనక్కి తెచ్చుకోవడమే మేలు. మర్నాడు పొద్దున మొదటి వంతు వేయించుకుంటే సరిపోదు, రాత్రి పట్టిన పిండి రాళ్లలో ఉంటుంది. గిర్ని విప్పి తుడిపించి, బియ్యమో జొన్నలో ఒకటి రెండు కిలోలు ముందు పట్టి ఆ పిండి ఇంట్లో మిగిలినవాళ్లకు వాడి, తర్వాత రోగి జొన్నలు పట్టించుకోవాలి. ఇంట్లో చిన్న గిర్ని కొనగలిగినవాళ్లకు ఈ బాధ తీరుతుంది. కొనలేనివాళ్లకు విడిగా పెట్టుకున్న మిక్సీ జారు, లేదా మూలన పడి ఉన్న ఇసుర్రాయి. ధాన్యం గింజలుగానే కొని, కడిగి ఎండబెట్టి పట్టుకోవాలి. దుకాణంలో విడిగా అమ్మే పిండి నమ్మదగింది కాదు. దక్షిణ భారతంలో అమ్మే గ్లూటెన్ లేని ధాన్యాలను, ఆ ముద్ర వేసిన సరుకులను పరీక్షించిన అధ్యయనం 2020లో వెలువడింది. వాటిలో కొన్నింట్లో గ్లూటెన్ కలిసినట్టు తేలింది.

వంటింట్లో కూడా అంతే. రోగి రొట్టె చపాతీల పెంక మీద కాల్చొద్దు. పీట మీద చల్లే పొడి పిండి గోధుమది కాకూడదు. రొట్టె విరగకుండా జొన్న పిండిలో గుప్పెడు గోధుమ పిండి కలిపే అలవాటు హోటళ్లలోనూ, కొన్ని ఇళ్లలోనూ ఉంది. జొన్న రొట్టె మరీ మెత్తగా, మడిచినా విరగకుండా ఉంటే అడగాలి.

పేరులో గోధుమ లేకుండా కడుపులోకి వచ్చేవి ఇంకా ఉన్నాయి. డబ్బా ఇంగువలో మైదా కలుస్తుంది. ఉప్మా రవ్వ, సేమియా గోధుమవే. మూత్రంలో మంటకు తాగే బార్లీ నీళ్లలో హార్డిన్ ఉంటుంది. హార్లిక్స్ లాంటి పొడుల్లో ఉండే మాల్టు బార్లీ నుంచి వస్తుంది. సోయా సాసులో గోధుమ ఉంటుంది. రాగి బిస్కెట్టు, మిల్లెట్ నూడుల్స్ పొట్లం వెనక చదివితే చాలాసార్లు మైదా పేరే ముందుంటుంది. ఓట్సు చాలామందికి పడతాయి, కానీ మామూలుగా దొరికే ఓట్సులో తరచు గోధుమ కలిసి ఉంటుంది. బీరు బార్లీదే. కల్లులో గ్లూటెన్ లేదు గానీ, అది వేరే చర్చ.

పొట్లం కట్టిన సరుకు మీద గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ఆ సంగతి విడిగా రాయాలని మన దేశ ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. గ్లూటెన్ లేదని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. పొట్లం మీద చిన్న అక్షరాలు చదవడం వచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకే అప్పగించొచ్చు.

పండగ, పెళ్లి, హాస్టల్

ఇంట్లో దారి పడ్డాక మిగిలే కష్టం పదిమందిలో. ఉగాదికి బక్షాలు, సంక్రాంతికి గరిజలు, గుళ్లో రవ్వ కేసరి ప్రసాదం. “కొంచెం తింటే ఏం కాదు లే బిడ్డా” అనే పెద్దమ్మలు ప్రేమతోనే అంటారు. ప్రసాదం కళ్లకద్దుకుని పక్కవాళ్లకివ్వొచ్చు. బక్షాలు పైపొర బియ్యప్పిండితో చేసుకోవచ్చు, అవీ జొన్న రొట్టెలాగే చేతి నేర్పు అడుగుతాయి. పెళ్లి భోజనంలో అన్నం, పెరుగు భయం లేకుండా తినొచ్చు, డబ్బా ఇంగువ పడలేదని తెలిస్తే పప్పు, చారు కూడా తినొచ్చు, మిర్చి బజ్జీ మాత్రం పూరీలు కాల్చిన నూనెలోదే అయి ఉంటుంది. హాస్టల్లో చదివే పిల్లలకు డాక్టరు రాసిచ్చిన కాగితం వార్డెను చేతికిచ్చి, పొద్దున ఉప్మా, చపాతీ రోజుల్లో బదులు అన్నమో పులిహోరో ఇప్పించాలి. దానికి వంటాయన పెద్దగా ఖర్చు పెట్టేదేమీ ఉండదు, విడి గరిటె ఒకటి చాలు.

గోధుమ మానాక చాలామందికి వారాల్లోనే ఆకలి పెరుగుతుంది, పిల్లలైతే బరువెక్కుతారు. యాంటీబాడీలు తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. పెద్దవాళ్లలో చూషకాలు పూర్తిగా లేవడానికి రెండేళ్లు కూడా పట్టొచ్చు. ఈలోపు ఇనుము, ఫోలేటు, విటమిన్ డి డాక్టరు చెప్పినట్టు వాడాలి.

ఒక్క ధాన్యం మీదే పడిపోవడం కూడా మంచిది కాదు. జొన్న ఒక్కటే తిని బతికిన దక్కన్ పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధి ఉండేది. హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాన్ని జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెడుతూ 1960లో రాశారు. తప్పు జొన్నది కాదు, పక్కన పప్పూ పాలూ లేని కంచానిది. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, బియ్యం మార్చి మార్చి, పప్పు, ఆకుకూర, పల్లీలు, గుడ్డు తోడు పెట్టుకుంటే గోధుమ లేని లోటు ఏమీ ఉండదు.

ఒక్కరికి తేలితే

ఈ జబ్బు ఒంటరిగా రాదు. రోగి అమ్మానాన్నలు, తోబుట్టువులు, కడుపున పుట్టిన పిల్లల్లో పదిమందికి ఒకరికి దగ్గరగా జబ్బు ఉండే అవకాశం ఉంది. వాళ్లలో చాలామందికి కడుపు నొప్పి కూడా ఉండదు. తమ్ముడు కాస్త పొట్టి అనో, అమ్మకు ఎప్పుడూ నీరసం అనో సర్దుకుపోతుంటారు. అందుకని ఒక బిడ్డకు సీలియాక్ ఖరారైతే ఆ కాగితం మీదే డాక్టరు ఇంకో నాలుగు పేర్లు రాయాలి, ఆ నలుగురి రక్తమూ పరీక్షకు పోవాలి. ఇంటిల్లిపాదీ ఒక్కసారి ప్రయాణం పెట్టుకోవడం ఖర్చే. కానీ ఇరవై ఏళ్లు ఇనుము మాత్రలు మింగి, ఎముకలు విరిగాక అసలు కారణం తెలుసుకోవడం అంతకంటే పెద్ద ఖర్చు. జబ్బు తేలిన ఇంట్లో మందుల చీటీ పొడవుగా ఉండదు. డబ్బాల మీద పేర్లు రాసి, ఒక పెంక, ఒక పీట విడిగా పెట్టి, గిర్ని అన్నతో ఒక ఒప్పందం చేసుకుంటే చికిత్స మొదలైనట్టే.